ముత్యాలు మాత్రమే చెల్లును

సంగీతం కోసం సముద్రాలు దాటినవాళ్లు మన చరిత్రలో తక్కువ. గురువు కోసం ఊరు దాటారు, కొలువు కోసం రాజ్యం దాటారు, అక్కడితో సరి. ఆ లోటును మన కాలపు కుర్రకారు తీర్చేసింది. ఏటా జూలై వచ్చేసరికి హైదరాబాద్ హైటెక్ ప్రాంతాల నుంచి బెల్జియంలోని బోమ్ అనే ఊరికి బయల్దేరే ఈ రసికులను తలుచుకుంటే నాకు చేతులు వాటంతట అవే జోడించుకుంటాయి. వీళ్లను తగినంతగా పొగడటం నా వల్ల కాదు. ఉన్నంతలో చూస్తాను.

ముందుగా స్థలమాహాత్మ్యం. బోమ్ అనేది ఆంట్‌వర్ప్, బ్రస్సెల్స్ నగరాల నడుమ రూపెల్ నది ఒడ్డున ఉన్న చిన్న పట్టణం. జనాభా ఇరవై వేలు కూడా ఉండదు. ఒకప్పుడు ఇటుకలకు పేరు. తరతరాల కూలీలు అక్కడి బంకమట్టిని తవ్వి, కాల్చి, బతికారు. బట్టీలు ఆరిపోయాక మిగిలిన గోతులను డి స్ఖోర్రె అనే విహారస్థలంగా మార్చారు. 2005లో మను బీర్స్, మిఖీల్ బీర్స్ అనే అన్నదమ్ములు ఆ గోతుల్లోనే టుమారోల్యాండ్ అనే ఎలక్ట్రానిక్ సంగీతోత్సవానికి కొబ్బరికాయ కొట్టారు. ఇప్పుడు రెండు వారాంతాలకు కలిపి నాలుగు లక్షల మంది అందులోకి దిగుతున్నారు. పూర్వం ఆ గోతిలోకి దిగినవాడికి సాయంత్రానికి కూలి ముట్టేది. మనవాడు దిగడానికి తానే వందల యూరోలు ఎదురిస్తాడు. మట్టి తొక్కే పనికి గౌరవం ఇంతగా పెరగడం నాకు తెలిసి మరెక్కడా జరగలేదు.

అయితే డబ్బుంటే చాలదు, టికెట్టు దొరకాలి. ముందస్తుగా పేరు నమోదు చేసుకోవాలి, చెప్పిన రోజున చెప్పిన ఘడియకు తెర ముందు కూర్చోవాలి, వరుసలో తన వంతు వచ్చేదాకా రెప్ప వాల్చకూడదు. ఇక్కడే మనవాడి నిష్ఠ చూడాలి. పోలింగ్ బూత్ దగ్గర ఇరవై మంది కనబడితే ‘అబ్బో, పెద్ద క్యూ’ అని కారు వెనక్కి తిప్పిన మనిషి, లక్షల మంది ఉన్న వరుసలో కదలకుండా కూర్చున్నాడు. రెండు లాప్‌టాప్‌లు, మూడు ఫోన్లు, సాయానికి ఇద్దరు రూమ్మేట్లు. టికెట్టు పడినట్టు మెయిల్ రాగానే వాడు వేసిన కేక కింది ఫ్లోర్ దాకా వినబడింది. మామూలు కాగితం టికెట్టు అనుకునేరు. నగల పెట్టె లాంటి పెట్టెలో చేతికి కట్టుకునే రిస్ట్‌బ్యాండ్ ఇంటికి వస్తుంది. పెళ్లిలో కంకణం కట్టేటప్పుడు కూడా వాడు అంత వినయంగా చెయ్యి చాపుతాడని నాకు నమ్మకం లేదు.

ఇంక ఆ ఉత్సవం చాటే సందేశం. ఈ రోజును జీవించు, రేపటిని ప్రేమించు, ఎల్లకాలం ఒక్కటిగా ఉండు. ఇదీ వాళ్ల నినాదం. వచ్చేవాళ్లంతా ‘రేపటి ప్రజలు’. ఎంత గొప్ప మాట! ఈ ఎల్లకాలపు ఐక్యత కోసం మనవాడు షెంగెన్ వీసాకు దరఖాస్తు పెట్టుకున్నాడు. రుసుము 90 యూరోలు. వీసా రాకపోతే అది తిరిగి రాదు. 30 వేల యూరోలకు తగ్గకుండా ప్రయాణ బీమా. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆదాయపన్ను రిటర్నులు, సెలవు ఇచ్చినట్టు ఆఫీసు లెటరు, బస రసీదు, రానూపోనూ టికెట్లు. అన్నిటినీ మించి, పండగ కాగానే మారు మాట్లాడకుండా ఇంటికి వెళ్లిపోతాడన్న రుజువు. ఎల్లకాలం కలిసి ఉందామని చేతులెత్తి పాడబోయేవాడు, ఫలానా తేదీకల్లా మిమ్మల్ని విడిచి పోతానని ముందే రాసి ఇవ్వాలన్నమాట. మనవాడు రాసి ఇచ్చాడు. ఇక్కడ అమ్మానాన్నలున్నారనీ, ఉద్యోగం ఉందనీ, ఇరవై ఏళ్లు తీర్చాల్సిన హోమ్ లోన్ ఉందనీ సగర్వంగా వివరించాడు. ఆ అప్పు జీవితంలో ఒక్కసారైనా పనికొచ్చింది. పక్కనున్న ఫ్రాన్స్ వాడు సంచి భుజానేసుకుని రైలెక్కి వస్తాడు, వాడి ప్రేమను ఎవరూ తూకం వెయ్యరు. పాపం, పరీక్ష లేని ప్రేమకు విలువేముంది? మనవాడిది వేలిముద్రలు వేసి తేల్చిన ప్రేమ.

బయల్దేరే ముందు ఇంట్లో ఒక చిన్న చర్చ జరిగింది. నానమ్మ అడిగింది:

“పాడేటోడు ఎవడు బిడ్డా?”

“పాడుడు ఉండది నానమ్మా.”

“మరి వాయించెటోళ్లు?”

“ఒక్కడే ఉంటడు. అన్నీ ముందే రికార్డు చేసినవే. ఆడ కలుపుతడు.”

“గట్లయితే గా రికార్డు గీడనే పెట్టుకోరాదు?”

ఆ వయసులో సూక్ష్మ విషయాలు అర్థం కావు లెండి. పైగా టుమారోల్యాండ్ వాళ్లే ఆ కచేరీలను ఇంటర్నెట్‌లో ఉచితంగా ప్రత్యక్ష ప్రసారం చేస్తారన్న సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు. చెబితే ఇంకేమనేదో.

ఇప్పుడు లోపలికి. అక్కడ డబ్బు అనే పాపిష్టి వస్తువు కనబడదు. చేతి రిస్ట్‌బ్యాండ్‌లో ముందుగా యూరోలు పోస్తే అవి ‘పర్ల్స్’ అవుతాయి, అంటే ముత్యాలు. బీరు ఇన్ని ముత్యాలు, బర్గరు ఇన్ని ముత్యాలు. ఒక్కో ముత్యం యూరో కంటే ఎక్కువే. అయినా ముత్యాన్ని యూరోల్లోకి, యూరోలను రూపాయల్లోకి మార్చి చూసుకునే నీచపు ఆలోచన ఆ వెలుగుల మధ్య ఎవడికి పుడుతుంది? మనవాడు వెళ్లింది ముత్యాల నగరం నుంచి. చార్మినార్ పక్కన పత్తర్‌గట్టీలో చెల్లెలి పెళ్లికి దండ కొన్నప్పుడు, ముత్యాన్ని మంట మీద పెట్టించి, గీకించి, అసలో నకిలీనో తేలేదాకా దుకాణం మెట్టు దిగలేదు. తేలాక కూడా మూడో వంతు తగ్గించమన్నాడు. అలాంటివాడు బోమ్‌లో కంటికి ఆననివీ, చేతికి తగలనివీ అయిన ముత్యాలను అడిగినన్ని కొన్నాడు, పైకం పెట్టి కొన్నంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు. వైరాగ్యానికి ఇంతకన్నా నిదర్శనం నా దగ్గర లేదు.

సమానత్వం కూడా పుష్కలం. డ్రీమ్‌విల్ అనే విడిదిలో ఒక కొసన సొంత గుడారం మోసుకొచ్చి వేసుకునే పచ్చిక ఉంది, మరో కొసన మంచం పరుపులతో ముస్తాబైన బస ఉంది. మైదానంలో మామూలు పాస్ ఉంది, దానికి పైన ఎత్తయిన అరుగుల మీద నుంచి చూసే కంఫర్ట్ పాస్ ఉంది. అందరూ ఒక్కటే. కొందరు కొంచెం ఎత్తులో ఒక్కటి, అంతే తేడా. నిర్వాహకుల లెక్కన రెండు వందలకు పైగా దేశాల వాళ్లు వస్తారు. ఐక్యరాజ్యసమితిలో సభ్యదేశాలు 193. సమితికి దొరకని దేశాలు కూడా బోమ్‌కు దొరికాయని సంతోషించాలి. ఇన్ని జాతుల మధ్య మనవాడు మువ్వన్నెల జెండా ఊపుకుంటూ తిరిగి తిరిగి, మొదటిరోజు మధ్యాహ్నానికే కూకట్‌పల్లి బృందాన్ని పట్టుకున్నాడు. మిగిలిన రోజులన్నీ వాళ్లతోనే. నలుగురు తెలుగువాళ్లు చేరిన ప్రతి చోటా పుట్టే ‘జై బాలయ్య’ అక్కడా పుట్టింది. పక్కనున్న బ్రెజిల్ పిల్ల అది ఏదో డీజే పేరనుకుని తనూ అరిచింది. ఐక్యత అంటే ఇదే కాబోలు.

వేదిక మీది దేవుళ్ల లీలలు వర్ణించడానికి చోటు చాలదు. స్టీవ్ ఆవోకీ అనే ఆయన పాట మధ్యలో జనం మీదికి కేకు విసురుతాడు. నా మొహాన కొట్టు మహాప్రభో అని జనం అట్టముక్కల మీద రాసి పట్టుకుంటారు. తగిలినవాడు ధన్యుడు, కళ్లలోంచి క్రీము తుడుచుకుంటూ ఆనందబాష్పాలు రాలుస్తాడు. ఇంట్లో పుట్టినరోజుకు చొక్కాకు క్రీము అంటిందని తమ్ముడితో వారం మాట్లాడనివాడే ఇతను. డిమిత్రి వెగాస్, లైక్ మైక్ అనే అన్నదమ్ములు ‘ఎడమకు’ అంటే వేలమంది ఎడమకు, ‘కుడికి’ అంటే కుడికి. ఒక్కడు కూడా ‘ఎందుకు?’ అనడు. మన అపార్ట్‌మెంట్‌లో పార్కింగ్ గీత మీది నుంచి బండి అడుగు పక్కకు జరపమన్నందుకు లీగల్ నోటీసు ఇస్తానన్నవాడు, అక్కడ ముక్కూ మొహం తెలియనివాడి మాట మీద గంటసేపు అటూ ఇటూ జరిగాడు. ఫ్లాండర్స్‌లో చట్టం ప్రకారం కచేరీ శబ్దం గంట సగటున 100 డెసిబెల్స్ దాటకూడదు, 95 దాటితే చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు జనానికి ఉచితంగా అందుబాటులో ఉంచాలి. వినడానికి రండని పిలిచి, వినబడకుండా ఉండే ఏర్పాటు కూడా ఆతిథ్యంలో కలిపిన నాగరికత అది. మనవాడు ప్లగ్గులు పెట్టుకున్నాడు, ఫోన్ పైకెత్తాడు, ఎదురుగా ఉన్న వేదికను ఆ ఫోన్ తెరలోనే చూశాడు. చెవి అక్కరలేదు, కన్ను అక్కరలేదు. ఇంద్రియాలను జయించడమంటే మన పెద్దలు ఏదో అడవి, ముక్కు మూసుకోవడం అంటూ కష్టమైన దారులు చెప్పారు.

2025 సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆ ఏటి ప్రధాన వేదిక పేరు ‘ఆర్బిజ్’, మంచుతో నిండిన ఊహాలోకం. పండగ మరో రెండు రోజులుందనగా, జూలై 16న, ఆ మంచులోకం నిప్పంటుకుని బూడిదైంది. ప్రేక్షకులెవరికీ దెబ్బ తగల్లేదు, అది నిజంగా అదృష్టం. పనివాళ్లు రాత్రింబవళ్లు కష్టపడి, మెటాలికా బృందం వేదిక భాగాలు కూడా తెప్పించి, 18వ తేదీకి మరో వేదిక నిలబెట్టారు. (ఈ ఒక్క వాక్యంలో వ్యంగ్యం వెతక్కండి, వాళ్లకు నా మనసారా నమస్కారం.) కానీ నన్ను ముగ్ధుణ్ని చేసింది ఆ తరవాతి మాట. వచ్చినవాళ్లలో కొందరు, సంగీతముంటే చాలు, వేదిక ఎందుకు అన్నారు. ఎంత చల్లని మాట! నెలల తరబడి కట్టిన కోట లేకపోయినా చాలన్న ఆ తృప్తి, టికెట్టు ధరలో కోట వాటా ఎంత, సంగీతం వాటా ఎంత అని అడిగే నాలాంటి లెక్కలమారి నోరు మూయించింది. మనవాడైతే ఆ ఏడు వెళ్లడం మరీ మేలైందన్నాడు. కాలిన వేదికతో ఫొటో అందరికీ దొరకదట.

తిరిగి వచ్చిన యాత్రికుడిలో వచ్చిన మార్పు గురించి. రిస్ట్‌బ్యాండ్ తియ్యడు. స్నానం చేసినా, స్టాండప్ మీటింగ్‌లో కూర్చున్నా చేతికి అలాగే ఉంటుంది. ‘మనుషులంతా ఒక్కటే బ్రో, అక్కడికెళ్తే తెలుస్తుంది’ అంటాడు. వెళ్లనివాళ్లకు తెలియదని ఎంత దయగా చెబుతాడో.

అంతలో వినాయక చవితి వచ్చింది. పదకొండో రోజు రాత్రి మా వీధిలోంచి నిమజ్జనానికి బొజ్జ గణపయ్య ట్రాక్టరెక్కాడు, వెనక డీసీఎం వ్యానులో స్పీకర్లు, దాని వెనక తీన్మార్ అడుగులేస్తూ బస్తీ పిల్లలు. టికెట్టు లేదు, వీసా లేదు, ముత్యాలు లేవు. ఎవడు పడితే వాడు వచ్చి దూకేస్తున్నాడు. ఇలాంటిదాన్ని సహించగలిగే సంస్కారం మనవాడిలో ఎప్పుడో పోయింది. వెంటనే బాల్కనీ తలుపు బిగించి అసోసియేషన్ గ్రూపులో ఫిర్యాదు మొదలుపెట్టాడు. నివాస ప్రాంతాల్లో రాత్రిపూట 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి నిబంధనలు ఉటంకించాడు. మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను హైదరాబాద్ పోలీసులు 2024లోనే నిషేధించారని గుర్తుచేశాడు. రెండూ నిజమే, తప్పు పట్టలేం. ముసలివాళ్ల గుండె గురించి రాశాడు, పసిపిల్లల చెవుల గురించి రాశాడు. ఫోన్ పైకెత్తి సాక్ష్యానికి వీడియో కూడా తీశాడు, ఆ పని బాగా అలవాటైంది కదా.

డీసీఎం మీది కుర్రాడికి ఇవేవీ తెలియవు. తీన్మార్ దెబ్బ ఊపందుకున్నాక ఒక చోట ఆపి, గాలి పీల్చుకునేంత సందిచ్చి, ఒక్కసారిగా వేరే బాణీ వదిలాడు. పిల్లలు విరగబడ్డారు. అది బోమ్ ప్రధాన వేదిక మీద మోగిన బాణీయేనని మనవాడు క్షణంలో పోల్చుకున్నాడు, ఫిర్యాదులో కాపీరైట్ ఉల్లంఘన గురించి ఇంకో పేరా చేర్చాడు.