ఫోనుకు అల్లుడి మర్యాదలు

కొత్త ఫోను కొన్నారా? శుభం. ముప్పై వేలు పోశాం కాబట్టి ఇక ఇది మా సొంతం అనుకుంటున్నారేమో, ముందు ఆ ఆలోచన మానుకోండి. కట్నం పోసినంత మాత్రాన అల్లుడు మామగారి మాట వింటాడా? పీట వేసి కూర్చోబెట్టాలి, అడిగినప్పుడల్లా తలూపాలి. కాపురం సజావుగా సాగడానికి నాకు తెలిసిన పద్ధతులు చెబుతాను.

ఆన్ చేయగానే షరతులు వస్తాయి. చదవకండి. చదివినవాడూ చదవనివాడూ చివరికి నొక్కేది ఒకటే బటన్. 'అంగీకరిస్తున్నాను' పక్కన 'కాస్త తగ్గించి చెప్పండి' అనే బటన్ ఉండదు. ఆ తర్వాత చూస్తే, మీరు పిలవని యాప్‌లు బోలెడు అప్పటికే దిగి ఉంటాయి. అల్లుడు ఒక్కడే వస్తాడా, వెంట చుట్టాలుంటారు. ఒక్కోదాని మీద వేలు నొక్కిపట్టి చూడండి. చిన్నాచితకా వాటికి 'అన్‌ఇన్‌స్టాల్' అని వస్తుంది. పెద్దింటి చుట్టాలకు 'డిసేబుల్' అని మాత్రమే వస్తుంది. అంటే ఇల్లు కదలరు, గదిలో పడుకుంటారు. మన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబర్ 20న గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసి, వీళ్లను పంపేసే హక్కు కొన్నవాళ్లకు ఇవ్వమంది. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాను ఖాయం చేసింది, ఈ ఆదేశాన్ని మాత్రం మరో మూడింటితో కలిపి కొట్టేసింది. కాబట్టి కాఫీలు అందిస్తూ ఉండండి.

ఆ మూడింటిలో ఒకటి, వేరే కంపెనీల యాప్ దుకాణాలను కూడా ప్లే స్టోర్‌లో పెట్టనివ్వాలన్నది. అదీ పోయింది. ఫోన్‌పే వాళ్లు 2024 ఫిబ్రవరిలో ఇండస్ అనే దుకాణం తెరిచారు. తెలుగుతో సహా 12 భారతీయ భాషల్లో వెతుక్కోవచ్చన్నారు. ప్లే స్టోర్‌లో వెతికితే దొరకదు. వాళ్ల సైటుకు వెళ్లి దింపుకోవాలి. దింపుకోబోతే 'ఈ సోర్స్ నుంచి అనుమతించాలా' అంటూ ఫోను నిలదీస్తుంది. మీరు వెంటనే భయపడి వెనక్కి వచ్చేయండి. తెలుగులో వెతుక్కోకపోతే కొంప మునిగిందా?

ఐఫోనువారికి నా ప్రత్యేక అభినందనలు. మన దేశంలో మీకు అనుమతించాలా వద్దా అన్న బెంగే లేదు, దుకాణం ఒక్కటే. యూరోపియన్ యూనియన్ దేశాల్లో 2024 మార్చి నుంచి ఆపిల్‌కు వేరే దుకాణాలను రానివ్వక తప్పలేదు, పాపం వాళ్లకు ఏ దుకాణానికి వెళ్లాలో తేల్చుకునే శ్రమ.

ఇక డబ్బు సంగతి. యాప్‌లో కట్టే సొమ్ములో దుకాణం వాటా మొదట్లో నూటికి 30. చిన్న డెవలపర్లకు తర్వాత 15 చేశారు. ఆ భారం చివరికి ఎవరి నెత్తిన పడుతుందో లెక్కలు వేయకండి. 2023 ఫిబ్రవరిలో ట్విట్టర్ నీలిటిక్కు మన దేశానికి వచ్చినప్పుడు వెబ్‌లో నెలకు 650, ఫోను యాప్‌లో 900. మీరు నిక్షేపంగా ఆ ఎక్కువ ధరే కట్టండి. బయట చవకగా దొరుకుతుందని యాప్‌లోనే చెప్పొచ్చుగా అంటారా? ఆపిల్ అదీ చెప్పనిచ్చేది కాదు. పాటల యాప్‌లను అలా నోరు నొక్కినందుకు యూరోపియన్ యూనియన్ 2024 మార్చిలో 180 కోట్ల యూరోలకు పైగా జరిమానా వేసింది. ఇంటి గుట్టు వీధిన పెట్టమనడం ఏం మర్యాదో!

వాటా దగ్గర పేచీ పెట్టుకుంటే ఏమవుతుందో మన పెళ్లిళ్ల పేరయ్యలకు తెలుసు. 2024 మార్చి 1న, అచ్చంగా మాఘమాసపు ముహూర్తాల మధ్యలో, భారత్ మ్యాట్రిమొనీ, షాదీ లాంటి యాప్‌లు ప్లే స్టోర్ నుంచి మాయమయ్యాయి. వాటితోపాటు ఉద్యోగాల నౌక్రీ కూడా. ఒక్క పూటలో పిల్లా లేదు, పిలగాడూ లేడు, కొలువూ లేదు. కేంద్రమంత్రి కలగజేసుకున్నాక కొద్ది రోజుల్లో తిరిగొచ్చాయి. మీ అమ్మాయి సంబంధం కుదరాలంటే జాతకాలతోపాటు అమెరికా కంపెనీ బిల్లింగ్ పాలసీ కూడా కలవాలని దీన్నిబట్టి గ్రహించండి.

మీ బావమరిది సాఫ్ట్‌వేరులో ఉంటే జాగ్రత్త. పండక్కి వచ్చి, "బావా, ఎఫ్-డ్రాయిడ్ అని ఒక యాప్ దుకాణం ఉంది. అకౌంటు అక్కర్లేదు, అన్నీ ఓపెన్ సోర్సే, ఎవరైనా కోడ్ చూసుకోవచ్చు" అంటాడు. అరిసె చేతిలో పెట్టి మాట మార్చండి. వదలకపోతే, వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ పేరుతో వచ్చే ఏపీకే ఫైళ్ల సంగతి ఎత్తండి. ఎక్కించుకుంటే బ్యాంకు ఖాతా ఖాళీ అయ్యేది నిజమే గనక అతను కాదనలేడు. దొంగ శుభలేఖకూ, పదిమంది చూసి సరిచేసిన యాప్‌కూ ఫోను ఒకేరకంగా ఉరుముతుంది కదా అని లాజిక్కు తీస్తే, టీవీ సౌండు పెంచండి.

అతను లోన్ యాప్‌ల మాట ఎత్తినప్పుడు మాత్రం నా దగ్గర చిట్కా లేదు. 2020 చివర్లో తెలంగాణలో ఆ యాప్‌లవాళ్ల వేధింపులకు మనుషులు ప్రాణాలు తీసుకున్నారు. కాంటాక్టులన్నీ లాక్కుని బంధువులకు ఫోన్లు చేసి పరువు తీశారు. వాటిలో చాలా యాప్‌లు దిగింది ఏ సందులోంచో కాదు, ప్లే స్టోర్ నుంచే. పోలీసులు అరెస్టులు మొదలుపెట్టాక, 2021 జనవరిలో గూగుల్ కొన్నింటిని తొలగించింది. రిజర్వు బ్యాంకు కమిటీ ఆ ఏడాది లెక్క తీస్తే, మన దేశంలో ఆండ్రాయిడ్‌కు దొరుకుతున్న 1,100 దాకా లోన్ యాప్‌లలో 600 అక్రమమని తేలింది. భద్రత కోసమే ఈ కాపలా అంటారు. మీరు అలాగే అంటూ ఉండండి.

మరొక శుభవార్త. గుర్తింపు చూపించని డెవలపర్ల యాప్‌లు బయటి నుంచి తెచ్చుకున్నా ఎక్కకుండా చేస్తామని 2025 ఆగస్టులో గూగుల్ ప్రకటించింది. 2026 సెప్టెంబర్‌లో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయిలాండ్‌లతో మొదలుపెట్టి, 2027 నుంచి మిగతా దేశాలకు తెస్తామంది. గొడవ లేచేసరికి, ప్రమాదం తెలిసినవాళ్లకు వేరే దారి ఉంచుతామని సర్దిచెప్పింది. ఆ దారి వచ్చినా మీరు తొక్కకండి. 'నాకు తెలుసు' అని ఒక స్క్రీను, 'నిజంగా తెలుసు' అని ఇంకో స్క్రీను వస్తాయనుకుంటాను. మధ్యలో ఎక్కడో 'నాకేం తెలీదు బాబూ' అని ఉంటుందేమో చూసి, అది నొక్కండి.