కాశీలో ఇమడని ఉద్యోగి

పనిలో వంక లేకపోయినా స్వభావం సరిపడలేదని ఉద్యోగం ఊడి, మా రామచంద్రపురం వైపు వచ్చినవాళ్లలో మొదటివాడు వ్యాసమహర్షి. హైదరాబాదులో గది ఖాళీ చేసి, పరుపు చుట్టతో బస్సు దిగుతున్న కుర్రాళ్లు ఆయన తర్వాతి బ్యాచీలు.

ఆయన కేసు ఫైలు శ్రీనాథుడి దగ్గర భద్రంగా ఉంది. భీమేశ్వర పురాణంలో ఉంది, కాశీఖండంలోనూ ఉంది. పదో తరగతి తెలుగు వాచకంలో 'భిక్ష' పాఠంగా చదివి, ప్రతిపదార్థాలు బట్టీపట్టి, మార్కులు తెచ్చుకుని మరిచిపోయింది ఇదే. వేదాలు విభజించినవాడు, భారతం చెప్పినవాడు, పద్దెనిమిది పురాణాలు ఖాతాలో ఉన్నవాడు. అప్రైజల్లో వేలు పెట్టడానికి సందు లేదు. అలాంటివాణ్ణి పరీక్షిద్దామని విశ్వేశ్వరుడికి బుద్ధి పుట్టింది. కాశీలో ఏ గుమ్మం ముందు నిలబడ్డా పిడికెడు మెతుకులు రాలకుండా చేశాడు. రెండు రోజులు పస్తు. కడుపు కాలిన మనిషికి కోపం వచ్చింది. మూడు తరాల దాకా ఈ ఊళ్లో ధనం, విద్య, మోక్షం ఉండకుండుగాక అని శపించబోయాడు. దొరికిపోయాడు. కోపిష్టివాడికి ఇక్కడ చోటు లేదు, ఊరు వదిలి పొమ్మన్నాడు విశ్వేశ్వరుడు.

ఆకలి పెట్టినవాడి మీద విచారణ జరగలేదు, గమనించారా? ఆనాటి నుంచీ జరగటం లేదు.

అయినా పాతకాలపు యాజమాన్యంలో కొంత మర్యాద ఉండేది. పొమ్మనే ముందు అన్నపూర్ణమ్మ మామూలు ఇల్లాలి వేషంలో గుమ్మంలోకి వచ్చి, నాలుగు చీవాట్లు పెట్టి, శిష్యులతో సహా పిలిచి విస్తళ్లు వేసి కడుపు నిండా వడ్డించింది. వెళ్లేటప్పుడు ఏడుస్తుంటే, దక్షారామం వెళ్లవయ్యా, అదీ కాశీతో సమానమే అని దారి కూడా చూపించింది. ఆ దక్షారామమే మా ఊరికి ఆరేడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ద్రాక్షారామం. భోజనం, తప్పు ఏమిటో మొహం మీద చెప్పడం, ఇంకోచోట పోస్టింగు. ఇప్పుడు ఈ మూడింట్లో ఒక్కటైనా ఎక్కడైనా ఇస్తున్నారేమో చెప్పండి. పదకొండింటికి మీటింగని పిలుస్తారు, పదకొండూ పదికల్లా లాప్‌టాప్ తెరుచుకోదు. క్యాంటీన్ కార్డు దానికంటే ముందే ఆగిపోతుంది.

మా వీధిలో ఓ కుర్రాడు అలాగే వచ్చాడు. పెద్దాయనొకరు అరుగు మీద కూర్చోబెట్టి అడిగారు.

"ఏరా, పని రాలేదా?"

"వచ్చు బాబాయ్. రేటింగు కూడా మంచిదే ఇచ్చారు."

"ఎవడితోనన్నా దెబ్బలాడేవా?"

"లేదు బాబాయ్. టీముతో కలవట్లేదన్నారు."

"అంటే?"

"మీటింగులో మా మేనేజరు తప్పు లెక్క చూపించారు. అది తప్పండీ అన్నాను."

"గారు, అండీ అన్నీ తగిలించే అన్నావా?"

"అన్నీ తగిలించాను."

"లెక్క తప్పేనా?"

"తప్పే."

"మరదే. తప్పు కాకపోయుంటే ఉద్యోగం ఉండేది."

మా రైసు మిల్లుల్లో ఈ గొడవ లేదు. లెక్క తేడా వస్తే గుమస్తాని మానిపించేస్తారు. లెక్క మరీ సరిగ్గా రాసినా మానిపించేస్తారు. కానీ ఎందుకు మానిపించారో ఆ గుమస్తాకి తెలుసు, యజమానికి తెలుసు, పక్క మిల్లులో కాటా వేసేవాడికీ తెలుసు. అంతెందుకు, కాకినాడ నుంచి మా ఊరి మీదుగా కోటిపల్లి వెళ్లే రైలు పట్టాల్ని 1940లో పీకేశారు. యుద్ధానికి ఇనుము కావాలన్నారు. దొరతనం వాడు కూడా ఆ పట్టాలు మిగతా రైల్వేతో కలవట్లేదని చెప్పలేదు. అందుకేనేమో 2004లో మళ్లీ వేయడానికి మొహమాటపడలేదు.

స్వభావం పరీక్షించడానికి ఇప్పుడు శాస్త్రాలు వచ్చాయి. అన్నింట్లోకీ పేరున్నది మయర్స్-బ్రిగ్స్. అమెరికాలో తల్లీకూతుళ్లిద్దరు తయారుచేశారు, ఇద్దరూ మానసిక శాస్త్రం చదివినవాళ్లు కారు. మనుషులంతా పదహారు రకాలని తేల్చారు. మన పంతులుగారు ఇరవై ఏడు నక్షత్రాలు, నాలుగేసి పాదాలు చూసి, అప్పటికీ తటపటాయించి, శాంతి చేయిస్తే సరిపోతుందంటారు. పదహారు రకాలవాళ్ల దగ్గర శాంతి కూడా లేదు. ఉద్యోగాల ఎంపికకి ఈ పరీక్ష వాడొద్దని దాన్ని అమ్మేవాళ్లే చెబుతున్నారు. కొనుక్కున్నవాళ్లు వినడం లేదు.

లారెన్ రివేరా అనే ఆవిడ అమెరికాలో పెద్ద పెద్ద కంపెనీల్లో ఉద్యోగాలిచ్చేవాళ్లు 120 మందిని కూర్చోబెట్టి మాట్లాడి 2012లో ఒక వ్యాసం రాశారు. మనవాడనిపిస్తాడా, మనం ఆడే ఆటలే ఆడతాడా, తీరిక వేళల్లో మనలాగే గడుపుతాడా అన్నవి, పనితనంతో సమానంగా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువగా చూస్తున్నారని తేల్చారు. ఆ మాత్రం దానికి అంత పరిశోధన ఎందుకో. మా వైపు ఇంటిపేరేంటండీ, ఏ ఊరండీ, ఎవరి తాలూకండీ అనే మూడు ప్రశ్నల్లో తేలిపోయే సంగతి. కాకపోతే మనం దాన్ని కులం అనేవాళ్లం, ఇప్పుడు కల్చర్ అంటున్నాం.

ఫ్రాన్సులో ఒకాయన మాత్రం ఊరుకోలేదు. క్యూబిక్ పార్ట్‌నర్స్ అనే కన్సల్టింగ్ కంపెనీలో 2011లో చేరాడు. సరదాగా ఉండడం ఆ కంపెనీ సిద్ధాంతం. వారం చివర మందు పార్టీలకి రావట్లేదు, సరదాగా ఉండట్లేదు అని 2015లో తీసేశారు. ఆ పార్టీల్లో తాగుడు శ్రుతి మించేదనీ, మోటు చేష్టలు నడిచేవనీ కోర్టు రికార్డులోనే ఉంది. కింది కోర్టులు దాటుకుంటూ పోయి, 2022 నవంబరు 9న అక్కడి అత్యున్నత న్యాయస్థానంలో గెలిచాడు. ఆ సరదాలో పాలు పంచుకోకపోవడం అతని భావప్రకటన స్వేచ్ఛ కిందికి వస్తుందన్నారు. నవ్వకుండా ఉండే హక్కు ఉందన్నమాట. తీర్పు విని అతను నవ్వాడో లేదో తెలియదు, నవ్వకపోయినా ఎవరూ ఏమీ అనలేరు.

మన చట్టాల్లోనూ వెతికితే ఉంది. 2025 దాకా అమల్లో ఉన్న 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం కింద ఇచ్చిన నమూనా నియమాల్లో దుష్ప్రవర్తన అంటే ఏమిటో రాశారు. దొంగతనం, మోసం, లంచం, అవిధేయత, అలవాటుగా ఆలస్యంగా రావడం. శుక్రవారం సాయంత్రం అంత్యాక్షరి ఆడకపోవడం అందులో లేదు. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం ఇంకో మాట చెబుతుంది. ఆరు నెలలు పనిచేసినవాణ్ణి సరైన కారణం లేకుండా, నెల నోటీసో దానికి బదులు జీతమో ఇవ్వకుండా తీసేయకూడదు. ఏడాది నిండితే ఏడాదికి పదిహేను రోజుల జీతం కూడా కట్టాలి. ఐటీ కంపెనీలకైతే ఈ చట్టంలో కొన్ని సెక్షన్ల నుంచి ప్రభుత్వాలే మినహాయింపులు ఇస్తూ వచ్చాయి. అక్కడ చట్టం కూడా టీముతో కలవలేదు, పాపం.

ఇన్ని ఉన్నా కేసులు ఎందుకు పడవంటే, ఎవర్నీ తీసేయడం లేదు గనక. నీ భవిష్యత్తు కోసమే చెబుతున్నాం, నువ్వే రాజీనామా ఇచ్చెయ్, రిలీవింగ్ లెటర్ శుభ్రంగా ఇస్తాం అంటారు. కుర్రాడు దణ్ణం పెట్టి మరీ సంతకం చేస్తాడు. చేసిన మరుక్షణం నోటీసు లేదు, పరిహారం లేదు, తీసేసినవాడూ లేడు. ఆ సంతకం అడగాలన్న తెలివి విశ్వేశ్వరుడికి రాలేదు గనకే, పొమ్మన్నది ఎవరో ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా మనకి తెలుస్తోంది.

కాబట్టి బాబూ, రేపు నిన్ను పదకొండింటికి పిలిస్తే కంగారుపడి ఆ కాగితం మీద సంతకం పెట్టకు. మీరే తీసేయండి, కారణం రాసి ఇవ్వండి అని అడుగు. అండీ తగిలించే అడుగు.