వాల్యుయేషన్ సంజీవని

మూలం

"అధోసంతకదారుడనగు నేను, సదరు ఆస్తిని స్వయముగా దర్శించి, క్షుణ్ణముగా పరిశీలించి, నాలుగు హద్దులు సరిచూచి, సకల సౌకర్యములు కలవని నిర్ధారించి, నిష్పక్షపాతముగా విలువ కట్టితిని."

అవతారిక

ఇది ఏ ఒక్కరి రచనా కాదు. ఇచ్ఛాపురం నుంచి టెక్కలి దాకా ఇంటి లోను ఫైళ్లన్నిటా ఏదో ఒక రూపంలో వినిపించే అపౌరుషేయ వాక్యం. దీని ద్రష్ట వాల్యూయరుగారు. బ్యాంకు ప్యానెల్లో పేరుందే గాని బ్యాంకు ఉద్యోగి కారు. స్వతంత్రులు, అనగా జీతం లేదు, సెలవు లేదు, ఫైలుకింత ఫీజు. పొద్దున్నే పలాసలో రైలెక్కి, ఇచ్ఛాపురంలో దిగి, ఆటోలో సముద్రపు ఒడ్డున డొంకూరు చేరి మత్స్యకారుడి డాబా చూస్తారు. మధ్యాహ్నం కవిటిలో కొబ్బరితోట, సాయంత్రం సోంపేటలో షాపు. రాత్రి ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చున్నాక పై వాక్యం వెలువడుతుంది.

మెదకు దగ్గరి కొలచెలమ వాడైన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసి కాళిదాసుకు 'సంజీవని' రాశాడు. నేను ఆ ప్రతిజ్ఞలో మొదటి సగమే తీసుకుంటున్నాను.

టీక

అధోసంతకదారుడనగు నేను: ఈ 'నేను' కింద ముద్ర ఉంటుంది. అందులో చాలాసార్లు సంపద పన్ను చట్టం, 1957, సెక్షన్ 34ఏబీ కనిపిస్తుంది. ఆ పన్ను 2015 బడ్జెట్టుతో రద్దయింది. రిజిస్ట్రేషను మాత్రం ఆ తర్వాతా నిక్షేపంగా కొనసాగింది. దేహం పోయినా ఆత్మ నిలుస్తుందన్న సిద్ధాంతానికి ఇంతకంటె ప్రత్యక్ష ప్రమాణం వేదాంతులకు దొరకదు.

స్వయముగా దర్శించి: 'సహాయకుని పంపి' అని పాఠాంతరం. అక్షాంశ రేఖాంశాలు పడిన ఫొటోలో ఇంటి ముందు నిలబడ్డ మనిషి ఎవరన్నదాన్ని బట్టి పాఠనిర్ణయం చేయాలి.

క్షుణ్ణముగా పరిశీలించి: స్పష్టం. ఆటో ఇంజను ఆపలేదు.

నాలుగు హద్దులు సరిచూచి: ఇక్కడ కొంచెం ఆగాలి. హద్దు విషయంలో లోకం ఎప్పుడూ పొరబడుతుందని మనువుకు తెలుసు. అందుకే పొలిమేరన మర్రి, రావి, మోదుగ, బూరుగ, తాడి నాటమన్నాడు. చెట్టు ఒక్కటే చాలదని గుప్తచిహ్నాలు కూడా చెప్పాడు: రాళ్లు, ఎముకలు, ఆవు వెంట్రుకలు, ఊక, బూడిద, పెంకులు, పిడకలు, బొగ్గులు భూమిలో పాతిపెట్టాలి. అప్పటికీ తగవొస్తే ఇరుగుపొరుగు సాక్షులు ఎర్రబట్టలు కట్టి, పూలదండ వేసుకుని, నెత్తిన మట్టి పెట్టుకుని హద్దు చెప్పాలి. యాజ్ఞవల్క్యుడూ ఇంచుమించు ఇదే అన్నాడు. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర రాస్తే, పదమూడో శతాబ్దిలో మన కేతన దాన్ని 'విజ్ఞానేశ్వరీయం' పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ధర్మశాస్త్రం తెలుగు చదువరికి అందాలని ఒక కవి అంత శ్రమపడ్డాడు! కౌటిల్యుడి దారి వేరు. ఇల్లు అమ్మాలంటే ముందు జ్ఞాతులు, తర్వాత పొరుగువారు, ఆ తర్వాత అప్పిచ్చినవారు. వాళ్లు వద్దంటేనే బయటివాళ్లు. నలభై పొరుగు కుటుంబాల ఎదుట, ఆ ఇంటి ముందే నిలబడి, ఈ ధరకు కొనేవారెవరని మూడుసార్లు పిలవాలి. అంటే విలువ తేల్చింది నలుగురి నోరు. మట్టి నెత్తిన పెట్టుకున్నవాడు అబద్ధమాడితే మర్నాడు ఆ మట్టి మీదే నడవాలి. సాక్ష్యానికి భయం అక్కణ్ణుంచి వచ్చింది...

ఎక్కడున్నాం? డొంకూరులో. దస్తావేజులో 'తూర్పు: ఫలానా వారి కొబ్బరితోట' అని ఉంది, నివేదికలోనూ అదే ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలం పల్లిసారథి దగ్గర తీరం దాటి ఉద్దానం ప్రాంతపు కొబ్బరినీ జీడినీ నేలకూల్చిందని మాత్రం ఆ హద్దుల గడిలో ఉండదు. తోట పోయినా తూర్పు హద్దు తోటే. మళ్లీ నాటిన మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పట్టింది. ఆ ఏళ్లకు విలువ ఎంతని అడిగితే 'చెట్లు పరిగణనలోకి తీసుకోలేదు' అన్న ఉపవాక్యం సిద్ధం. "ఏటి బాబూ, సెట్టు కూడా నెక్కలో నేదా?" అని రైతు అడిగితే ఏ వ్యాఖ్యాత దగ్గరా సమాధానం లేదు.

సకల సౌకర్యములు కలవని: ఈ భాగంలో ప్రక్షిప్తాలు ఎక్కువ. పలాస అపార్టుమెంటుకు రాసిన పేజీ డొంకూరు డాబాకు అంటుకొచ్చి, 'లిఫ్టు: వర్తించదు' అన్న పంక్తి సముద్రపుగాలికి తుప్పుపట్టిన ఊచల పక్కన నిలుస్తుంది. ఆ తుప్పుకు గడి లేదు. ఇది నవ్వుకోదగ్గది. తర్వాతి పంక్తికి నవ్వు రాదు. 'తాగునీరు: బోరు, కలదు.' ఉద్దానంలో నీటి గురించి రెండు మాటల్లో రాయడానికి చెయ్యెలా వచ్చింది? ఊళ్లకు ఊళ్లు కిడ్నీ జబ్బుతో మంచాన పడ్డాయి. ఫలానాదే కారణమని నిపుణులు ఇప్పటికీ ఒక్కమాట మీదకు రాలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రిని, హిరమండలం నుంచి ఉద్దానానికి మంచినీళ్లు తెచ్చే పథకాన్ని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. ప్రభుత్వమే కొన్ని వందల కోట్లు పెట్టి 'ఈ నీటి సంగతి చూడాలి' అన్న చోట, నివేదిక 'కలదు' అని సరిపెట్టింది. గడపలో ముసలమ్మ "ఈ బోరు నీలు మేం తాగం బాబూ, డబ్బా నీలే" అంటుంది. ఆ మాట రాయడానికి ఫారంలో చోటు లేదు.

విలువ కట్టితిని: ఆలంకారికుల మతంలో శబ్దానికి మూడర్థాలు, వాల్యూయర్ల మతంలో ఇంటికి మూడు విలువలు. మార్కెట్ విలువ వాచ్యం. చేతికొచ్చే విలువ లక్ష్యం. గత్యంతరం లేక అమ్మితే వచ్చే డిస్ట్రెస్ విలువ వ్యంగ్యం: 'నువ్వు అప్పు తీర్చవని మాకు తెలుసు' అని ఎక్కడా అనకుండా ధ్వనింపజేయడం. ఆనందవర్ధనుడు చూసి ఉంటే 'ధ్వన్యాలోకం'లో ఒక ఉదాహరణ పెరిగేది.

నిష్పక్షపాతముగా: కావలసిన లోను ఎంతో ముందురోజే ఫోనులో మధ్యవర్తి చెవిన వేస్తాడు. శేషం స్పష్టం.

పూర్వపక్షం, సిద్ధాంతం

"ఫీజు కొద్దీ చూపు. ఆ డబ్బులూ నెలల తరబడి రావు. లోను మొండిబకాయి అయితే విచారణలో మొదట పేరొచ్చేది మాదే. ఫారం మేం తయారు చేసిందా?" అని వాల్యూయరుగారు ఆక్షేపించవచ్చు. ఫారం వరకు ఆక్షేపణ చెల్లుతుంది. సంతకం వరకు చెల్లదు. చూడకుండా రాసిన మాట ఎంత దూరం పోతుందో ఈ తీరానికి తెలుసు. సోంపేట బీల నీళ్లతో, చేపలతో, చుట్టూ పంటలతో బతికే తంపర నేల. అక్కడ తలపెట్టిన థర్మల్ కేంద్రం కాగితాల్లో అది ఎందుకూ పనికిరాని బంజరైంది. 2010 జూలై 14న అక్కడ పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ రోజే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని కొట్టేసింది. ఎవరో ఒకరు ముందే వెళ్లి, గట్టు మీద నిలబడి, ఎదురుగా ఉన్నది నీరేనని రాసి ఉంటే సరిపోయేది.

తాత్పర్యం

సంతకం పెట్టినవారు ఇల్లు చూశారు, ఊరు చూడలేదు. నెత్తిన మట్టి పెట్టుకోమని వాల్యూయరుగారిని ఎవరూ అడగరు. పొరుగింటి తలుపు ఒకటి తట్టి, ఈ హద్దు నిజమేనా, ఈ నీళ్లు మీరు తాగుతారా అని రెండు ప్రశ్నలు వేసి, వచ్చిన జవాబు రాస్తే చాలు. లోను తీసుకునే పాఠకులకు ఒక మాట: ఆ నివేదికకు ఫీజు కట్టింది మీరు. దాని నకలు ఒకటి అడిగి తీసుకోండి. హద్దుల గడీ నీటి గడీ చదవండి. తప్పుంటే, విలువ అంకె మీకు నచ్చినా సరే, దిద్దించండి.