ఫొటో చూసి బీముకి మందు చెప్పమంటే ఎలా బాబూ

రాత్రి పదిన్నరకి ఫోను కుయ్యిమంది. తీసి చూస్తే ఓ బీము ఫొటో, కింద నీ ప్రశ్న. "సార్, జాకెటింగ్ చేయించమంటారా, ఎపాక్సీ ఎక్కించమంటారా?" పగులు మధ్యలో ఉందా, కాలమ్ పక్కనుందా అని అడిగితే తెలీదన్నావు. నిలువుగా ఉందా, ఏటవాలుగా ఉందా అంటే ఫొటో ఇంటివాళ్ళు పంపారు సార్ అన్నావు. నాడి చూడకుండా మందిచ్చే వైద్యుణ్ణి మా రోజుల్లో గుమ్మం ఎక్కనిచ్చేవాళ్ళు కాదు నాయనా.

మా రోజుల్లో పగులు దగ్గరికి మనిషి వెళ్ళేవాడు. నిచ్చెన వేసుకుని, మొహం బీముకి ఆనేంత దగ్గరగా పెట్టి చూసేవాడు. బీము నడిమధ్య, అడుగున, నిలువుగా వెంట్రుకంత గీతలుంటే అవి వంపు తెచ్చిన గీతలు, చాలావరకు కంగారు పడక్కర్లేదు. కాలమ్ దగ్గర ఏటవాలుగా దిగిందంటే షియర్; ఆ రాత్రికి రాత్రే కింద సరుగుడు బాదులు ఆనించాలి. చువ్వ వెంబడే పొడుగ్గా సాగి, అంచున ఎర్రటి మరకుందంటే లోపల ఇనుము తుప్పు పట్టింది. మూడు జబ్బులు, మూడు మందులు. నువ్వు పంపిన ఫొటోలో ఆ మూడూ ఒక్కలాగే కనిపిస్తాయి.

నీ వయసులో నన్ను గుంటూరు దగ్గర ఓ నల్లరేగడి ఊరికి పంపారు. డాబా ఇల్లు, గోడ మూల నుంచి బీట తీసింది. మా పెద్దాయన నా చేతికి క్యాలిక్యులేటర్ ఇవ్వలేదు. అద్దాల కొట్లో కోయించిన బెత్తెడు గాజు ముక్కలు నాలుగిచ్చాడు. వాటిని బీటకి అడ్డంగా పెట్టి, రెండు కొసలా సిమెంటు ముద్దతో అతికించి, పక్కన పెన్సిలుతో తేదీ వేసి రమ్మన్నాడు. అంతే పని. "ఇదేనా మీ రిపేరు?" అని ఇంటావిడ మజ్జిగ గ్లాసు చేతికిస్తూ అడిగింది. పదిహేను రోజులకోసారి బస్సెక్కి వెళ్ళి చూసొచ్చేవాణ్ణి. ఏప్రిల్లో అతికించిన గాజుల్లో రెండు మే నెలాఖరుకి పుటుక్కుమన్నాయి, బీటలో రూపాయి బిళ్ళ నిలబడింది. వానలు బాగా పడ్డాక ఆగస్టులో వెళ్తే అందులో బ్లేడు కూడా దూరలేదు. అప్పుడర్థమైంది. ఎండకి కుంగి, వానకి ఉబ్బి, ఆ నేల మూడడుగుల పునాదిని ఏడాదికోసారి ఊపి వదులుతోంది. మొదట్లోనే మూడున్నర మీటర్లు దింపి, తేమ అంతగా మారని చోట అండర్ రీమ్డ్ పైళ్ళు వేసుంటే ఆ బాధే లేదు. కట్టేసిన ఇంటికి ఏం చేస్తాం? గోడ పక్క చెట్టు తీయించాం, చుట్టూ బయటికి వాలుగా గచ్చు చేయించాం, స్నానాల నీళ్ళు దూరంగా పోయేలా కాలవ తీయించాం. బీట పూడ్చడం ఆఖరి పని. నాలుగైదు నెలలు పట్టింది. ఇప్పుడు నాలుగు రోజుల్లో రసాయనం ఎక్కించి బిల్లు చేతిలో పెడుతున్నారు. వచ్చే వేసవికి దాని పక్కనే ఇంకో బీట.

అంతా తొందరే. మేం ఒక ఫ్రేముకి మొమెంట్ డిస్ట్రిబ్యూషన్ చేత్తో చేస్తే పూటంతా పట్టేది. ట్రేసింగ్ కాగితం మీద తప్పు పోతే ఇంకుని బ్లేడుతో గీకాలి, అందుకని గీత గీసేముందే ఆలోచించేవాళ్ళం. ఏ బీము ఎటు వంగుతుందో, పై చువ్వ ఎక్కడ కావాలో చేతికే తెలిసిపోయేది. నువ్వు కాఫీ తాగేలోపు ఈట్యాబ్స్ సాఫ్ట్‌వేర్లో ఇరవై అంతస్తులు నడిపిస్తావు. తెర నిండా రంగులే, ఆ రంగుల్లో మేస్త్రి మాత్రం ఉండడు. బాల్కనీ స్లాబు సంగతే తీసుకో. దాని ప్రాణమంతా పై చువ్వలో ఉంది. కాంక్రీటు పోసేవాళ్ళు నడిచేది ఆ చువ్వల మీదే. ఐదంగుళాల స్లాబులో చువ్వ అంగుళంన్నర దిగబడిందా, మూడో వంతుకి పైగా బలం పోయినట్టే. కింద కుర్చీలు పెట్టారా, నడవడానికి చెక్కలు పరిచారా, ఇవి చూడ్డానికి మనిషి కావాలి. స్లాబు రోజు తెల్లారేసరికి మేం సెంట్రింగు మీద ఉండేవాళ్ళం. మర్నాటి నుంచి మట్టికట్టలు కట్టి నీళ్ళు నిలిపేవాళ్ళం, మేస్త్రి పిల్లలు అందులో కాగితం పడవలు వదిలేవాళ్ళు. కోడు పుస్తకం ఏడు రోజులకి తగ్గొద్దంటే మా పెద్దాయన పద్నాలుగు తడిపించేవాడు.

పెచ్చులూడే స్లాబులకి ఏం చెయ్యాలని మొన్నడిగావు. ముందు సుత్తితో తడుతూ వెళ్ళు. గట్టి కాంక్రీటు ఠంగుమంటుంది, లోపల విడిపోయింది డొల్లగా పలుకుతుంది. ఆ మేర సుద్దతో గీత గియ్యి. కింద ఆనించకుండా ఉలి పెట్టొద్దు. అప్పుడే పగలగొట్టిన చోట ఫినాఫ్తలీన్ చల్లు. గులాబీ రంగు తిరిగితే అక్కడ కాంక్రీటు ఇంకా ఇనుముని కాస్తోందని, రంగు రాకపోతే ఆ కాపుదల పోయిందని. తుప్పు అసలు ఇనుముకి రెండింతలకి పైగా చోటు అడుగుతుంది, అందుకే పెచ్చుని తోసేస్తుంది. చువ్వ వెనక వేలు దూరేదాకా చెక్కించి, మెరిసేదాకా రుద్దించి, సన్నబడితే పక్కన కొత్త చువ్వ జోడించి, ఆ తర్వాతే మోర్టారు. పైపైన మెత్తితే రెండు వానాకాలాలకి మళ్ళీ నేల మీదే.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఇవాళ పెచ్చులూడుతున్న ఆ స్లాబులు పోసింది మేమే. 15 మిల్లీమీటర్ల కవరు వదిలాం, పుస్తకం అంతే చెప్పింది. 2000లో కోడు మారి సముద్రపు గాలి తగిలే చోట 45 అన్నప్పుడు, ఇంత దండగ ఎందుకని నేనే గొణిగాను. 1993లో భూకంపాల కోడు ఐఎస్ 13920 వచ్చి రింగు కొక్కేన్ని 135 డిగ్రీలకి వంచమంటే, బార్ బెండర్ చేతులు పడిపోతాయని వాదించాను. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చింది. విచ్చుకుపోయిన రింగుల ఫొటోలు పత్రికలో చూసి ఆ పూట అన్నం సయించలేదు. ఫొటోలే, అవునులే. 1978లో లిమిట్ స్టేట్ డిజైను పద్ధతి వస్తే మా పెద్దాయన నెల రోజులు మాతో సరిగ్గా మాట్లాడలేదు, అది వేరే కథ.

సరే, రేపు ఆరింటికి ఆ ఇంటికి వస్తాను. నా మోకాళ్ళు మెట్లెక్కనివ్వవు, నిచ్చెన నువ్వే ఎక్కాలి, కింద నుంచి నేనడుగుతాను. సుత్తి, సుద్దముక్క, నాలుగు గాజు ముక్కలు తీసుకురా. ఫోను ఇంట్లో పెట్టి రా. వద్దులే, టార్చి కావాలి, తెచ్చుకో.