కోర్టుకు పోని కోటు

వకీలు వృత్తి నవలంబించిన మానవుడు ఏ వస్త్రము ధరింపవలెనను ధర్మసందేహమునకు మన దేశమున సమాధానము లేకపోలేదు. 1961 నాటి అడ్వకేట్ల చట్టము ప్రసాదించిన అధికారముతో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రచించిన నియమావళి నల్లకోటును, తెల్లబ్యాండును విధించుచునే, అచ్కన్‌ను, షేర్వానీని, తుదకు పంచెను గూడ అనుమతించి, జీన్సును మాత్రము పేరుపెట్టి వెలివేసినది. కావున నల్లగొండ వకీలొకడు పంచెకట్టి, పైన నల్లకోటు తొడిగి జిల్లాకోర్టు మెట్లెక్కినచో వారింపగల శాసనము లేదు; వారింపగలిగినది తోటి వకీళ్ల నవ్వొక్కటే. వేసవిలో కింది కోర్టులయందు కోటు తప్పనిసరి కాదనియు ఆ నియమావళియే అనుగ్రహించినది. మా ఊరి మే నెల నెరిగిన పుణ్యాత్ముడెవడో ఆ వాక్యము వ్రాసియుండును. పెద్దకోర్టుల కాదయ లేదు. అచట సూర్యుడు ఏండ్ల తరబడి పెనగులాడియు ఊడదీయలేకపోయిన కోటును 2020 మే నెలలో కరోనా సూక్ష్మజీవి వీడియో విచారణల పేరిట ఊడదీసినది.

షేర్వానీయే పెద్దమనిషి వేషమై చెల్లిన హైదరాబాదు రాజ్యమున, పాలమూరు సీమనుండి వచ్చిన బూర్గుల రామకృష్ణారావుగారు వకీలుగా పేరుగాంచి, 1952లో ముఖ్యమంత్రియు నైరి. ఆ షేర్వానీతో వారీనాడు హైదరాబాదు కార్పొరేట్ లా ఫర్మున కడుగిడినచో, ద్వారపాలకుడు పెండ్లి ఏ అంతస్తులోనో చూపి పంపును.

ఏలయన, ఫర్మునందు వ్రాసిన నియమ మేదియు లేదు. "స్మార్ట్‌గా రండి" అనుటయే శాసనము. వ్రాయబడని శాసనమునకు మినహాయింపులు గూడ నుండవు. కోటు నేవీ బ్లూ కావలెను. నల్లనిదైనచో కోర్టునుండి దారితప్పి వచ్చినాడందురు, గోధుమవన్నెదైనచో ప్లాట్లమ్మవచ్చినాడందురు. హోదా పెరిగినకొలది వస్త్రము తరుగుట అచటి మరియొక విశేషము: ఇంటర్ను గొంతునకు టై బిగించుకొనివచ్చును, అసోసియేటు దానిని వదులు చేయును, పార్ట్‌నరు టీషర్టుతో విచ్చేయును. కంపెనీల విలీనములును, ఒప్పందపత్రములును వ్రాసికొనుచు న్యాయమూర్తి ముఖమైన చూడని ఈ యువకులకు మూడుముక్కల సూటేల యని మా వాడకట్టు ముసలమ్మకు సందేహము కలిగి, సెలవులకు వచ్చిన మనుమని నిలదీసినది.

"కోర్టుకు పోవు, జడ్జిని సూడవు, గీ ఎండల గా కోటెందుకు బిడ్డా?"

"ఆఫీసుల ఏసీ ఉంటది నానమ్మా, సలి పెడ్తది."

"గట్లైతే గొంగడి కప్పుకో పో, పైసలన్న మిగుల్తయి."

కురుమలు గొఱ్ఱెబొచ్చుతో నేసిన గొంగడి ఎండ, వాన, చలి మూడింటిని నోర్చునని పాలమూరు, నల్లగొండ రైతు లందరు నెరుగుదురు. హెచ్చార్ శాఖ యింకను ఎరుగదు.

స్త్రీల విషయము మరింత రమ్యము. కోర్టునందు వారి చీర తెలుపో, నలుపో, మరి యే సౌమ్యవర్ణమో అయి, అచ్చు గాని డిజైను గాని లేనిదై యుండవలెనట. నూలును ముందే కట్టుకట్టి, రంగులలో ముంచి, ఆ పిమ్మట మగ్గమెక్కించి ఇక్కత్ పువ్వులు మొలిపించు పోచంపల్లి, పుట్టపాకలు 2016లో జిల్లాలు విడిపోవువరకు మా నల్లగొండ జిల్లావే. అచటి నేతగాని కూతురు లాయరైనచో, తండ్రి నేసిన ఆ పువ్వులచీర కట్టుకొని హైకోర్టున వాదింపజాలదు. ఫర్మున ఆమె కొకదినము కలదు. 1905 నాటి స్వదేశీ ఉద్యమమును స్మరించుచు 2015 నుండి ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవ మగుటచే, ఆనాడు పార్ట్‌నర్లు సైతము ఇక్కత్ చొక్కాలు తొడిగి ఫొటో దిగుదురు. గద్వాల, నారాయణపేట చీరలు గూడ బీరువాలనుండి విడుదలయగును. ఎనిమిదవ తేదీనాడు అందరికిని రిమాండు.

పార్ట్‌నరు మహాశయులారా, చొక్కాగుడ్డ నేసినవాడు కోటుగుడ్డయు నేయగలడు. మిగిలిన దినములకు గూడ ఆర్డరు పెట్టుడు. పోచంపల్లి మగ్గమువద్దకు వచ్చుటకు టై అక్కరలేదు.