శవాసనానికీ డ్యూటీ

రెసిడెంట్ డాక్టరుకు ఏకబిగిన 12 గంటలు, వారానికి 48 గంటలు మించి పని వద్దని కేంద్రం 1992లోనే ఉత్తర్వు ఇచ్చింది. దానికి 'సాధారణంగా' అని ఓ తోక తగిలించారు కాబట్టి వార్డుల్లో అంతా అసాధారణంగానే నడుస్తోంది. 2023లో జాతీయ వైద్య కమిషన్ అంకెల బెడదే లేకుండా 'సహేతుకమైన పనివేళలు' అని తేల్చేసింది. అంకె ఉంటే లెక్కపెట్టేవాడొకడు బయల్దేరతాడు కదా. మరుసటి ఏడు ఆ కమిషన్ కార్యదళమే 74 గంటలు దాటొద్దంది. అంటే 32 ఏళ్ల సంస్కరణకు దక్కిన ఫలం, వారానికి 26 గంటలు అదనం! బస్సు డ్రైవరుకేమో 1961లోనే చట్టం రోజుకు 8 గంటలే అంది. స్టీరింగు దగ్గర కునుకు ప్రమాదం, సూది దగ్గర అనుభవం కాబోలు.

'మా రోజుల్లో 36 గంటలు చేశాం, వార్డులో పడి ఉంటేనే పని వస్తుంది' అంటారు పెద్ద డాక్టర్లు. కేసులు చూడాల్సిందే, కాదనం. కానీ ముప్ఫయ్యో గంటలో పీజీ చదివే రెసిడెంట్ చేసేది రక్తం శాంపిళ్లు పట్టుకుని ల్యాబుకు పరుగు, వార్డుబాయ్ లేక ట్రాలీ తోయడం. ఇవి ఏ పేపరు సిలబస్సో! రోగులెక్కువ, డాక్టర్లు తక్కువ అన్నదీ నిజమే; అందుకని కొరత పోస్టుల్లో ఉంటే కోత నిద్రలో వేశారు. పోనీ ఒత్తిడి తగ్గేందుకు యోగా క్లాసు పెడదామా? పెట్టొచ్చు. శవాసనం వేసిన పీజీలను లేపడానికి ఇంకో పీజీకి నైట్ డ్యూటీ వేయాలి, అంతే.