చేపల మాస్టారు

చేపలు పెంచేవాళ్లు వేరు, చేపల్ని రప్పించేవాళ్లు వేరు. మొదటిరకం వాళ్ల ఇంట్లో ఒక గాజుతొట్టి ఉంటుంది. అందులో నాలుగు చేపలుంటాయి. పొద్దున్న చిటికెడు మేత వేస్తారు, ఆదివారం కొన్ని నీళ్లు మారుస్తారు, అంతటితో సరి. రెండోరకం వాళ్లకి తొట్టిలో ఉన్న చేప మీద కన్నా దారిలో ఉన్న చేప మీద ప్రాణం. మా అపార్టుమెంటు నాలుగో అంతస్తులో ఉండే చేపల మాస్టారు ఈ రెండోరకంలో అగ్రగణ్యులు.

ఆయన మాస్టారేమీ కాదు. బ్యాంకులో ఆడిటు విభాగం. కానీ ఆయనతో కలిసి లిఫ్టెక్కినవాడు అమ్మోనియా నైట్రైటుగానూ నైట్రైటు నైట్రేటుగానూ ఎలా మారుతుందో, ఆ మార్చే బాక్టీరియా కొత్త తొట్టిలో కుదురుకోవడానికి నాలుగు నించి ఆరు వారాలు ఎందుకు పడుతుందో తెలుసుకోకుండా దిగలేడు. అందుకని ఆ పేరు స్థిరపడింది. మూడో అంతస్తులో దిగాల్సినవాళ్లు మర్యాదకి నాలుగో అంతస్తు దాకా వెళ్లి, మెట్లమీంచి కిందికి వస్తుంటారు.

మాస్టారు వీధి చివరి దుకాణంలో చేపలు కొనరు. చెన్నై కొళత్తూరు నించి తెప్పిస్తారు. రంగుచేపల వ్యాపారంలో కొళత్తూరు పేరు దేశమంతా తెలుసు. వీధి చివరి దుకాణం వాడు కూడా సరుకు అక్కణ్ణించే తెస్తాడు, ఆ సంగతి మాస్టారికీ తెలుసు. అయితే దుకాణంలో కొన్న చేప స్కూటరు హ్యాండిలుకి వేలాడుతూ పది నిమిషాల్లో ఇంటికొచ్చేస్తుంది. అందులో ఎదురుచూపేది? అర్ధరాత్రి లేచి బస్సు ఒంగోలు దాటిందా లేదా అని ఫోన్లో చూసుకోవడమేది? పైగా చేప ధర కన్నా రవాణా ఖర్చు ఎక్కువైతేనే వచ్చినదానికో హోదా.

అంతర్జాతీయ తపాలా నిబంధనల్లో తేనెటీగలకీ జలగలకీ పట్టుపురుగులకీ మినహాయింపు ఉంది, చేపకి లేదు. ఈ అన్యాయం గురించి ఎవరైనా పార్లమెంటు సభ్యుడు దొరికితే మాట్లాడాలని మాస్టారి ఉద్దేశం. అందాకా ఆయన చేపలు ప్రైవేటు ట్రావెల్సు బస్సు డిక్కీలోనే, మల్లెపూల బుట్టలకీ చీరల మూటలకీ మధ్య ప్రయాణం చేస్తాయి. బయల్దేరే ముందు ఒకటి రెండు రోజులు వాటికి మేత ఆపేస్తారు, దారిలో నీళ్లు పాడుచెయ్యకుండా. మందపాటి పాలిథిన్ సంచీలో మూడో వంతు నీళ్లు పోసి, మిగతా భాగం ఆక్సిజన్ పట్టి, రబ్బరు బ్యాండ్లు బిగించి, థర్మోకోల్ పెట్టెలో సర్దుతారు. ముల్లు గుచ్చే జాతైతే సంచీలో సంచీ పెట్టి, మధ్యన పేపరు కాగితం చుడతారు. అక్కడ చేపలు పస్తున్న ఆ రెండు రోజులూ ఇక్కడ మాస్టారు కూడా సరిగా తినరు. కంచం ముందు కూచుని చెన్నైలో ఎండ ఎంత, హైదరాబాదులో ఎంత, తేడా ఎంత అని లెక్కవేస్తుంటారు.

తెల్లవారుజామున ఐదింటికి లక్డీకాపూల్లో పార్సిల్ ఆఫీసు ముందు నించుంటారు. హమాలీ పెట్టెని ఎలా ఎత్తాలో, ఎలా దించాలో, దించేటప్పుడు ఊపిరి ఎక్కడ ఆపాలో చెబుతారు. ఆ హమాలీ ఈయన్ని గుర్తుపట్టి ఇప్పుడు పెట్టె తీసి ఇవ్వడమే మానేశాడు. "మీరే దించుకోండి సార్" అని పక్కకి తప్పుకుంటాడు. ఆటోలో పెట్టె ఒళ్లో ఉంటుంది. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా సీటు మీంచి రెండంగుళాలు లేచి, కుదుపంతా తన నడుము మీద వేసుకుంటారు. వెన్నునొప్పికి ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గరికి వెళితే బరువులు ఎత్తుతారా అని అడిగాడట. "ఎత్తను, మోస్తాను" అన్నారట.

ఇంటికొచ్చాక అసలు తంతు. మన ఇళ్లల్లో కొత్త అల్లుడు మొదటి సంక్రాంతికి వస్తే కాళ్లకి నీళ్లివ్వడం నించి పడక కుదర్చడం దాకా ఎలా జరుగుతుందో అలా జరుగుతుంది. తేడా ఏమిటంటే అల్లుడి ముందు దీపాలు వెలిగిస్తారు, చేప ముందు ఆర్పేస్తారు. చీకటి పెట్టెలోంచి ఒక్కసారిగా వెలుగులోకి వస్తే చేప బెదురుతుంది, నిజమే. అందుకని తొట్టి లైటు ఆపితే చాలు. మాస్టారు హాల్లో లైట్లు, టీవీ, ఫ్రిజ్ తలుపు తెరిస్తే వచ్చే వెలుతురు, అన్నీ నిషేధిస్తారు. ఇంటర్ చదివే కూతురు మాత్రం ఫోను లైటు వేసుకుని వీడియో తీయాలి. పొట్లం విప్పకముందే, చచ్చినవి ఉంటే కనబడేలా వీడియో పంపితే అమ్మినవాడు డబ్బు తిరిగిస్తాడని షరతు. ఆ అమ్మాయికి ఈ పనిలో ఎంత అనుభవం వచ్చిందంటే, కాలేజీలో ఫేర్‌వెల్ వీడియో తీయమంటే అందర్నీ కదలకుండా పక్కకి తిరగమందట.

ముందు పొట్లం కట్టుకట్టినట్టే నీళ్లమీద తేలుతుంది, ఇరవై నిమిషాలు. లోపలి నీళ్లూ బయటి నీళ్లూ ఒకే వేడికి వస్తాయి. ఆ తరవాత పొట్లం విప్పి, చేపల్ని నీళ్లతో సహా బకెట్లో పోసి, తొట్టిలోంచి సన్నటి ఎయిరు గొట్టం బకెట్లోకి దించి, గొట్టానికి ముడివేసి, సెకనుకి రెండు చుక్కలు పడేలా ముడిని సవరిస్తారు. సవరిస్తూనే ఉంటారు. ముడి బిగుసుకుంటే చుక్క ఆగిపోతుంది, వదులైతే ధార కడుతుంది. మోకాళ్ల మీద కూచుని, చేతిగడియారం చెవి దగ్గర పెట్టుకుని మాస్టారు చుక్కలు లెక్కపెడుతుంటే పనిమనిషి గుమ్మంలోనే ఆగిపోయి, "జపమా అమ్మా? మళ్లీ రానా?" అంటుంది.

జేబులో పెన్ను పక్కన ఎప్పుడూ టీడీయస్ మీటరు ఉంటుంది. మా బోరు నీళ్ల సంగతి చెప్పనక్కరలేదు, గీజరు కాయిల్ మీద సున్నపు పొర అడిగితే చెబుతుంది. కుళాయి నీళ్లలో క్లోరిన్. అందుకని రెండు రకాల నీళ్లూ డ్రమ్ముల్లో వేరువేరుగా పట్టి, క్లోరిన్ విరుగుడుకి సోడియం థయోసల్ఫేటు పలుకులు వేసి, కలిపి, కొలిచి, మళ్లీ కలుపుతారు. ఇంత చేసి ఆ నీళ్లని అమెజాన్ చెయ్యాలి. ఎందుకంటే ఆయన అభిమాన చేప నియాన్ టెట్రా సొంతూరు అమెజాన్ ఎగువ ప్రాంతం. 1936లో దానికి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు అమెరికాలో ఆక్వేరియం పత్రిక నడిపిన విలియం ఇన్నెస్ పేరు అందులో చేర్చారు. అది ఉండే వాగుల్లో నీళ్లు కుళ్లిన ఆకుల సారం దిగి గోధుమరంగులో, కాస్త ఆమ్లగుణంతో ఉంటాయి. మాస్టారి పొద్దుటి నడకకి కారణం ఆరోగ్యం కాదు. పార్కులో రాలిన బాదం ఆకులు. ఎండిన బాదం ఆకు తొట్టిలో వేస్తే నీళ్లకి ఆ రంగూ ఆ గుణమూ కొంత వస్తాయి. పార్కు వాచ్‌మన్ ఇదంతా చూసి, పాపం పెద్దాయన విస్తళ్లు కుట్టుకుని బతుకుతున్నాడని జాలిపడి, ఓ రోజు మంచి పచ్చి ఆకులు ఏరి కట్టకట్టి ఇచ్చాడు. మాస్టారు వద్దని, ఎండినవే కావాలన్నారు. ఎండాకుతో విస్తరి కుట్టే మనిషిని ఆ వాచ్‌మన్ ఇంతవరకు చూళ్లేదు.

ఇందులో మాస్టారు ఎన్నడూ లిఫ్టులో ప్రస్తావించని సంగతొకటి ఉంది. ఇప్పుడు మనకి దొరికే నియాన్లు దాదాపు అన్నీ ఆసియా దేశాల్లో తొట్లలో పుట్టి పెరిగినవే. వాటి తాతముత్తాతలు కూడా అమెజాన్ మొహం చూడలేదు. చెన్నై నీళ్లకి అలవాటుపడ్డ చేపని హైదరాబాదులో దించి, బ్రెజిల్లో ఉన్నానని నమ్మించడానికే ఈ యాతనంతా.

వాళ్లావిడ ఇందులో జోక్యం చేసుకోదు. ఒక్కసారి మాత్రం అంది. అంతకు ముందేడు ఆయనకి కర్నూలు నించి హైదరాబాదు బదిలీ అయినప్పుడు, శుక్రవారం ఆర్డరొస్తే సోమవారానికల్లా సామానుతో సహా ఇక్కడ ఉన్నారు. కూతుర్ని విద్యాసంవత్సరం మధ్యలో తెచ్చి కొత్త కాలేజీలో పడేశారు. "ఏమండీ, ఆరోజు మాకెవరికీ డ్రిప్పు పెట్టలేదే?" అంది. మాస్టారు చుక్కలు లెక్కపెడుతున్నారు కాబట్టి సమాధానం చెప్పలేదు.

ఈ తంతుకి ఎదురుగా నిలిచి మాట్లాడినవాడు ఒక్కడే. మాస్టారి బావమరిది. కైకలూరు దగ్గర చేపల చెరువులూ రొయ్యల చెరువులూ చేస్తాడు. భార్యకి కళ్లు చూపించడానికి వచ్చి, పొద్దున్నే తలుపు తోసుకుని చీకట్లోకి అడుగుపెట్టాడు.

"కరెంటు పోయిందాండీ బావగారూ?"

"ష్. చేపలొచ్చాయి."

బావమరిది మొహం విప్పారింది. ఊరు కాని ఊళ్లో తనకి తెలిసిన మాట వినబడింది. "ఎన్నండీ?"

"ఆరు."

"ఆరు లక్షలా?" అన్నాడు.

అది వెటకారం కాదు. వాళ్ల దగ్గర పిల్లని లక్షల్లోనే చెప్పుకుంటారు. హేచరీ నించి సంచీల్లో ఆక్సిజన్ పట్టి వ్యాన్లలో వస్తాయి. ఎండెక్కకముందే సంచీలు చెరువు మీద తేలవేస్తారు. లోపలా బయటా వేడి సమానమయ్యాక మూతి విప్పి, చెరువు నీళ్లు కొద్దికొద్దిగా లోపలికి రానిచ్చి, సంచీ వంచుతారు. రొయ్య పిల్లకి ఉప్పు తేడా పడదు గనక, ఎంత ఉప్పులో కావాలో రైతు ముందే చెబితే హేచరీవాడే మెల్లమెల్లగా ఆ స్థాయికి దించి పంపుతాడు. అంటే మాస్టారి విద్యే, కాకపోతే ఎకరాల్లెక్కన. తప్పితే అప్పులు మిగులుతాయి.

బావమరిది బకెట్ మీదికి వంగి చూశాడు. "పొట్లం విప్పి ఎంతసేపైందండీ?"

"రెండుంబావు గంట. ఇంకా ముప్పావు ఉంది."

"అమ్మో. అమ్మోనియా కొట్టేస్తదండీ."

ఇక్కడ న్యాయం బావమరిది పక్షాన ఉందని చెప్పక తప్పదు. మూసిన సంచీలో చేప వదిలే ఊపిరితో కార్బన్ డయాక్సైడు పేరుకుని నీళ్లు ఆమ్లగుణానికి తిరుగుతాయి. చేప విసర్జించే అమ్మోనియా కూడా పేరుకుంటుంది, కానీ ఆమ్లపు నీళ్లలో అది చాలావరకు అమోనియం రూపంలో ఉండి చేపకి పెద్దగా హాని చెయ్యదు. సంచీ విప్పామా, కార్బన్ డయాక్సైడు గాలిలోకి పోతుంది, నీళ్లు క్షారం వైపు జరుగుతాయి, అంతవరకు సాధువుగా ఉన్న అమోనియం అమ్మోనియాగా మారి మొప్పల్ని కాలుస్తుంది. దుకాణం నించి గంటలో తెచ్చుకున్న చేపకైతే ఈ గొడవ అంతగా లేదు. రాత్రంతా ప్రయాణం చేసిన చేపని ఆ పాత నీళ్లలోనే గంటల తరబడి కూచోబెట్టడం మర్యాద అనిపించుకోదు. వేడి కుదరగానే, నీళ్ల గుణంలో మరీ తేడా లేకపోతే, వలతో తీసి, సంచీ నీళ్లు పారబోసి, చేపని మాత్రం లోపలికి వదిలెయ్యడమే మేలనే అనుభవజ్ఞులు చాలామంది ఉన్నారు.

మాస్టారు ఇదంతా చదవని వ్యక్తి కారు. చదివారు. కానీ ఆ పద్ధతిలో మొత్తం పని అరగంటలో అయిపోతుంది. తరవాత ఏం చెయ్యాలి?

"మీవి తినే చేపలోయ్" అన్నారు చివరికి.

"తినడానికైనా ముందు బతకాలి కదండీ" అన్నాడు బావమరిది. ఆపైన స్నానానికి లేచాడు. చిన్న బాత్‌రూములో క్వారంటైన్ తొట్టి ఉందనీ, కొత్త చేపలు నాలుగు వారాలు అక్కడే ఉంటాయనీ, సబ్బు నురగ గనక అందులో పడితే చేపలు చస్తాయనీ, కాబట్టి వచ్చే నెల దాకా ఆ గదిలో సబ్బు వాడకూడదనీ అప్పుడు తెలిసింది. ఆ మధ్యాహ్నమే అక్కకి చెప్పి, ఆసుపత్రి దగ్గర లాడ్జిలో దిగాడు.

నెల తిరిగి చేపలు క్వారంటైన్ నించి పెద్ద తొట్టిలోకి మారతాయి. ఆ రోజుతో మాస్టారి భక్తి సరి. పాత అల్లుడు వస్తే కుర్చీలోంచి ఎవరూ లేవరు, చూశారా? వాటికి మేత వేసేదీ, గాజు తుడిచేదీ, ఫిల్టరు స్పాంజి పిండేదీ ఆవిడే. ఆవిడ వంటింట్లోంచి వస్తున్న అలికిడికే అవన్నీ ఆ మూలకి చేరతాయి. మాస్టారు తొట్టి ముందు నించుంటే మాత్రం ఎక్కడివక్కడ ఉంటాయి. ఆయనా వాటిని చూస్తున్నట్టు కనబడరు. ఖాళీ ఎంతుందో చూస్తుంటారు.

మొన్న వేసవి ముందు ఒక చిక్కొచ్చింది. ఏంజెల్ చేపలకి ఆర్డరు పెట్టాక, బ్యాంకు వాళ్లు ఆయన్ని అనంతపురం శాఖ ఆడిటుకి పంపారు. పార్సిల్ ఆగదు. కూతురు వెళ్లి ఆటోలో తెచ్చింది. అనంతపురం లాడ్జిలోంచి మాస్టారు ఫోన్లో గంటకోసారి ఆదేశాలు. ఇంట్లో జరిగింది మాత్రం ఇది: ఆవిడ పొట్లాన్ని బాత్‌రూము తొట్టిలో తేలవేసి, కుక్కరు పెట్టి, పప్పు ఉడికి కుక్కరు దించాక వెళ్లి, వలతో చేపల్ని లోపలికి వదిలి, సంచీ నీళ్లు పారబోసి, తాళింపుకి వచ్చేసింది. ఈ సంగతి మా ఇంటికి ఆవిడ ఇచ్చిన కరివేపాకుతో పాటు వచ్చింది.

"చుక్కలెలా పడుతున్నాయి?" అని ఫోను.

"సెకనుకి రెండండీ."

"వీడియో కాల్ చెయ్యి, చూస్తాను."

"లైట్లు ఆర్పేశాం కదండీ. ఏం కనబడుతుంది?"

వాదించడానికి ఆయన దగ్గర మాటలేదు. వారం తరవాత తిరిగొచ్చి చూసుకుంటే ఎనిమిదికి ఎనిమిదీ బతికే ఉన్నాయి. ఆ సాయంత్రం లిఫ్టులో దొరికిపోయాను.

"మూడు గంటలండీ" అన్నారు మాస్టారు, "ఒక్క నిమిషం తగ్గకూడదు. మా బావమరిది ఏదో అన్నాడు గానీ, ఇదిగో, మా ఆవిడే సాక్ష్యం. ఏమే, చెప్పు."

ఆవిడ మెరుస్తున్న అంకెల వంక చూస్తూ, "మూడు గంటల పది నిమిషాలు" అంది.